పదిమంది ఆపరేటర్లు, ఒకే ఆర్డరు

మీ ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేస్తారు? పెద్ద పట్నాల్లో అయితే కస్టమర్ కేర్ నంబరు ఉంటుంది. మండల కేంద్రాల్లో, పల్లెల్లో చాలామంది ఫోనుల్లో ‘నెట్ తమ్ముడు’ అనో, ‘కేబుల్ అన్న’ అనో ఒక పేరు ఉంటుంది. ఆ తమ్ముడే చిన్న ఇంటర్నెట్ ప్రొవైడరు. పెద్ద కంపెనీ దగ్గర బ్యాండ్‌విడ్త్ టోకున కొంటాడు. మూడు నాలుగు వందల ఇళ్లకో, వెయ్యి ఇళ్లకో పంచుతాడు. కరెంటు స్తంభాలు ఉన్నంత మేర ఫైబర్ లాగుతాడు. స్తంభాలు లేని చోట, మధ్యలో ఏరు అడ్డం వచ్చిన చోట, కొండ దాటాల్సిన చోట రేడియో పెడతాడు.

రేడియో అంటే మీరు ఇప్పుడు వింటున్న రేడియో లాంటిది కాదు. వాటర్ ట్యాంకు మీదో, టవరు మీదో ఒక బేస్ స్టేషన్ ఉంటుంది. దాని ఎదురుగా, ఇళ్ల డాబాల మీద జీఐ పైపుకు క్లాంపు వేసి బిగించిన తెల్లటి చిన్న డబ్బా ఉంటుంది. కొన్ని చోట్ల డబ్బా వెనక చిన్న డిష్ కూడా ఉంటుంది. ఆ డబ్బా నుంచి ఒక కేబులు కిందికి దిగి ఇంట్లోని వైఫై రూటర్‌లో కలుస్తుంది. అదే ఆ ఇంటికి ఇంటర్నెట్. పిల్లవాడి ఆన్‌లైన్ పరీక్ష, మీసేవ కేంద్రంలో సర్టిఫికెట్, రేషన్ డిపోలో వేలిముద్ర, బ్యాంకు మిత్ర చేతిలో ఉన్న మిషను, అన్నీ ఆ డబ్బా మీద ఆధారపడి నడిచే ఊళ్లు ఉన్నాయి.

ఈ డబ్బాలను చిన్న ఆపరేటర్లు ఎలా కొంటున్నారు, ఎలా కొంటే బాగుంటుంది అన్నదే ఈ రోజు నా ప్రసంగం. ఇది వ్యాపారుల గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. కానీ గాలివాన వచ్చిన మర్నాడు మీ ఊళ్లో నెట్ పొద్దున్నే వస్తుందా, వారానికి వస్తుందా అన్నది చాలావరకు ఈ కొనుగోలులోనే తేలిపోతుంది.

ఇప్పుడు జరుగుతున్నది ముందుగా చూద్దాం. ఒక ఆపరేటరుకు పన్నెండు రేడియోలు కావాలి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. సీటీసీ అంటే అందరికీ తెలుసు. అక్కడి డీలరుకు ఫోన్ చేస్తాడు. డీలరు దగ్గర ఆ రోజు ఉన్న మోడల్ చెబుతాడు, ఆ రోజు రేటు చెబుతాడు. డబ్బు ముందు వెయ్యాలి. పన్నెండు పీసులకు అరువు ఎవరూ ఇవ్వరు. సరుకు ట్రాన్స్‌పోర్టులోనో, బస్సు పార్సిల్‌లోనో వస్తుంది. మూడు నెలల తర్వాత మళ్లీ పది కావాల్సి వస్తే ఆ మోడల్ ఉండదు. “అన్నా, అది స్టాక్ లేదు, ఇది తీసుకో, దానికంటే మంచిది” అంటాడు డీలరు. అవసరం మనది కాబట్టి తీసుకుంటాం. రెండేళ్లు తిరిగేసరికి ఆ ఆపరేటరు గోడౌన్‌లో మూడు నాలుగు కంపెనీల డబ్బాలు, ఆరేడు మోడళ్లు పోగవుతాయి.

పోగైతే ఏమవుతుందో దగ్గర నుంచి చూడాలి. మన ఫోను ఏ కంపెనీదైనా ఏ వైఫైకి అయినా కలుస్తుంది కదా, ఇవీ అంతే అనుకుంటాం. దూరాన్ని దాటే ఈ రేడియోలు అలా కావు. ఒకే బేస్ స్టేషన్ కింద ముప్పై నలభై ఇళ్ల డబ్బాలు వంతులవారీగా మాట్లాడాలి. ఆ వంతులు వేసే పద్ధతి ప్రతి కంపెనీకీ సొంతం. యుబిక్విటీ వారిది ఎయిర్‌మ్యాక్స్, కేంబియం వారిది ఈపీఎంపీ, లాత్వియా దేశపు మైక్రోటిక్ వారిది ఎన్‌వీ2. ఒకరి బేస్ స్టేషన్‌తో మరొకరి డబ్బా ఆ పద్ధతుల్లో మాట్లాడదు. కనుక టవరు మీది బేస్ స్టేషన్ పిడుగుకు కాలిపోయి, అదే కంపెనీది ఇంకొకటి దొరక్కపోతే, కింద నలభై ఇళ్ల మీద ఉన్న నలభై మంచి డబ్బాలూ దిష్టిబొమ్మలే.

కరెంటు సంగతి ఇంకొకటి. ఈ డబ్బాలకు కరెంటు విడిగా ఇవ్వరు, డేటా కేబులులోనే పంపుతారు. పీవోఈ అంటారు. ఒక మోడల్‌కు 24 వోల్టులు, మరో మోడల్‌కు 48 వోల్టులు. అడాప్టర్లు చూడడానికి అన్నీ నల్లగా ఒకేలా ఉంటాయి, జాక్ కూడా ఒకటే. రాత్రిపూట టార్చి పట్టుకుని, వానలో తడుస్తూ, చేతికి అందిన అడాప్టరు పెడితే కొత్త డబ్బా పొగ వచ్చి చస్తుంది. ఇది ఫీల్డులో తిరిగే ఏ టెక్నీషియన్‌ను అడిగినా చెబుతాడు.

కలిసి కొంటే ధర తగ్గుతుంది. ఇది అందరికీ కనిపించే లాభం. పదిమంది ఆపరేటర్లు తలా పన్నెండు అడిగే బదులు ఒక్క ఆర్డరుగా నూట ఇరవై అడిగితే, సందులోని డీలరును దాటి నేరుగా దేశవ్యాప్త పంపిణీదారుతో మాట్లాడవచ్చు. మధ్యలో ఒక చెయ్యి తగ్గుతుంది, ఆ చేతి కమిషన్ మిగులుతుంది. ఇది మంచిదే. కానీ నేను చెప్పదలచుకున్నది వేరే. ధరలో మిగిలేది చిన్న లాభం. అందరి దగ్గరా ఒకే రకం సరుకు ఉండడం, ఒకరి స్పేర్ ఇంకొకరికి పనికిరావడం, అదే అసలు లాభం. ఉమ్మడి కొనుగోలు గురించి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది రేటు దగ్గరే ఆగిపోతారు. అందుకే రేటు కుదిరాక సంఘం చెదిరిపోతుంది.

స్పేర్ల లెక్క చూడండి. ఒక్కో ఆపరేటరు దగ్గర నాలుగు మోడళ్లు ఉన్నాయనుకుందాం. ఒక్కో మోడల్‌కు రెండేసి స్పేర్లు దగ్గర పెట్టుకుంటే ఎనిమిది డబ్బాలు. పదిమందికీ కలిపి ఎనభై డబ్బాలు. ఆ ఎనభై డబ్బాల డబ్బూ అల్మారాల్లో పడి ఉంటుంది. చిన్నవాడికి అంత సొమ్ము ఆపుకునే స్తోమత ఉండదు కాబట్టి, నిజానికి ఒక్క స్పేరూ లేకుండానే నడుపుతాడు. ఆ పదిమందీ రెండే మోడళ్లకు కట్టుబడి, నడిమి ఊళ్లో ఒకరి దగ్గర పదిహేను డబ్బాలు ఉమ్మడిగా ఉంచితే ఎనభై చేసే పని ఆ పదిహేనే చేస్తాయి. అందరి టవర్లూ ఒకే రాత్రి కాలిపోవు. పెద్ద తుఫాను వస్తే మాట వేరు. అప్పుడు ఎనభై ఉన్నా చాలవు.

కోనసీమ లంక గ్రామాలను తీసుకోండి. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న ఊళ్లు అవి. పాయ మీద వంతెన లేని చోట ఫైబర్ దాటించడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. పైగా ఆగస్టులో వరద వస్తే ఏ స్తంభం ఏ ఒడ్డున తేలుతుందో తెలియదు. అలాంటి చోట ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు రేడియో లింకు వెయ్యడమే దారి. ఎదురుగా కనిపిస్తుంటే చాలదా అంటే, చాలదు. రేడియో తరంగం గీత గీసినట్టు పోదు, మధ్యలో లావుగా ఉబ్బుతుంది. రెండు కొసల మధ్య దూరం 5 కిలోమీటర్లు ఉండి, 5.8 గిగాహెర్ట్జ్ వాడుతుంటే, నడిమధ్యలో ఆ ఉబ్బు వ్యాసార్ధం సుమారు 8 మీటర్లు. అందులో కనీసం అరవై శాతం ఏ అడ్డూ లేకుండా ఉండాలి. కోనసీమలో కొబ్బరిచెట్టు అడ్డం రాని గీత ఎక్కడుంటుంది? వేసినప్పుడు బాగానే ఉన్న లింకు మూడేళ్లకు చెట్టు పెరిగి చెడిపోతుంది. ఇంకో చిక్కు నీళ్లు. తరంగం కొంత నీటి మీద పడి తిరిగి లేస్తుంది. నేరుగా వచ్చినదీ, నీటి మీద నుంచి వచ్చినదీ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. సముద్రం దగ్గరి పాయల్లో పోటూ పాటూ ఉంటుంది కాబట్టి పొద్దున బాగున్న సిగ్నల్ సాయంత్రానికి పడిపోతుంది. యాంటెన్నాను కొన్ని అడుగులు పైకో కిందికో జరిపితే కుదురుకోవచ్చు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి లింకులను చక్కబెట్టే అనుభవం ఒక్కో మోడల్‌తో కొన్ని నెలలు వేగితేనే వస్తుంది. ఏ యాంటెన్నా ఉప్పుగాలికి ఎంత త్వరగా తుప్పు పడుతుంది, ఏ డబ్బా మూతలోంచి చీమలు దూరతాయి, ఎండాకాలం మధ్యాహ్నం ఏది వేడెక్కి తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది, ఇవి కంపెనీ కాగితాల్లో ఉండవు. పదిమంది దగ్గర పది రకాలుంటే ఎవరి పాట్లు వారివే. అందరి దగ్గరా ఒకే మోడల్ ఉంటే ఒకడు పడ్డ కష్టం మిగతా తొమ్మిదిమందికీ ముందుగానే తెలుస్తుంది.

చిన్నవాళ్లు ఇలా కలవడం కొత్త సంగతి కాదు. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలో లారమీ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ 1992లోనే లారియట్ అనే సంస్థ లాభాపేక్ష లేని సహకార సంఘంగా మొదలైంది. రేడియోల మీద ఇంటర్నెట్ ఇచ్చిన తొలి సంస్థల్లో అదొకటి. తర్వాత అది ప్రైవేటు వ్యాపారంగా మారినా, పుట్టుక మాత్రం సహకారమే. అదే దేశంలో చిన్న కేబుల్ ఆపరేటర్లు 1984లో నేషనల్ కేబుల్ టెలివిజన్ కోఆపరేటివ్ పెట్టుకున్నారు. కాన్సాస్ రాష్ట్రంలో దాని కార్యాలయం. ఒక్కొక్కరుగా వెళితే చానల్ కంపెనీలు గుమ్మం దగ్గరే నిలబెట్టేవి. వందలాది చిన్న కంపెనీల తరఫున ఒక్కరే బేరమాడేసరికి కూర్చోబెట్టి మాట్లాడాయి. చానళ్లతో మొదలైన ఆ సంఘం పరికరాలకు కూడా సభ్యుల తరఫున బేరమాడుతుంది.

ఐరోపాలో స్పెయిన్ దేశపు కాటలోనియా ప్రాంతంలో గుయిఫీ డాట్ నెట్ 2004లో మొదలైంది. ఒసోనా అనే పల్లెప్రాంతంలో పెద్ద కంపెనీలు లైను ఇవ్వకపోతే ఊళ్లవాళ్లే రేడియోలు బిగించుకున్నారు. ఇప్పుడు అది ముప్పై వేలకు పైగా నోడ్లున్న నెట్‌వర్కు. దాని మీద చిన్న ప్రొవైడర్లు వ్యాపారం చేసుకుంటారు. ఎవరు ఎంత పెట్టుబడి పెట్టారు, ఎవరు ఎంత వాడుకున్నారు అని లెక్క కట్టి, ఎక్కువ వాడుకున్నవారు ఎక్కువ పెట్టినవారికి తేడా చెల్లిస్తారు. ఆ లెక్క బయటపెట్టి చెయ్యడమే వాళ్లను ఇన్నేళ్లు కలిపి ఉంచిందని నా నమ్మకం.

అంత దూరం ఎందుకు, మన పక్కన కేరళ ఉంది. అక్కడి చిన్న కేబుల్ ఆపరేటర్లు తమ సంఘం ద్వారా వాటాలు వేసుకుని కేరళ విజన్ నిలబెట్టారు. వీధికొక ఆపరేటరు, ఎవరి ఏరియా వారిదే. వెనక ఉన్న కంపెనీ మాత్రం అందరిదీ. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నెలనెలా ఇచ్చే లెక్కల్లో, వైర్డ్ బ్రాడ్‌బ్యాండ్‌లో దేశం మొత్తం మీద మొదటి ఐదు కంపెనీల జాబితాలో జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్‌ల సరసన కేరళ విజన్ పేరు కనిపిస్తూ వచ్చింది. వాళ్లది ప్రధానంగా ఫైబర్ వ్యాపారం, రేడియో కాదు. కానీ విడిగా ఉంటే పెద్దవాళ్లు మింగేసే చిన్నవాళ్లు వాటాదారులై నిలబడిన తీరు రేడియో ఆపరేటర్లకూ పాఠమే. మన రెండు రాష్ట్రాల్లో కేబుల్ ఆపరేటర్లు వేల సంఖ్యలో ఉన్నారు. వాళ్లలో అలాంటి కలయిక ఆ స్థాయిలో జరగకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

మనకు సహకారం చేతకాదని ఎవరైనా అంటే ఒప్పుకోను. ముల్కనూరు చూడండి. అప్పటి కరీంనగర్ జిల్లాలో, ఇప్పటి హనుమకొండ జిల్లాలో ఉంది ఆ ఊరు. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారి చొరవతో అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు మొదలైంది. రైతుకు అప్పు, ఎరువు, విత్తనం ఒకే చోట దొరికేట్టు చేసి, పండిన పంటకు మార్కెట్ కూడా చూసింది. ఎరువు బస్తా ఒక్కటి కొనే రైతుకు లేని బలం ఊళ్లన్నీ కలిసి కొంటే వచ్చింది. బస్తా స్థానంలో డబ్బా పెట్టుకుంటే లెక్క అదే.

కొరత వచ్చినప్పుడు ఈ బలం ఇంకా తెలుస్తుంది. 2021లో ప్రపంచమంతా చిప్‌ల కొరత వచ్చింది. కార్ల ఫ్యాక్టరీలే ఆగిపోయాయి. రేడియోలు, రూటర్లు ఆర్డరు పెట్టిన నెలల తర్వాత గానీ రాలేదు. తయారైన కొద్ది సరుకూ ముందు ఎవరికి వెళ్తుంది? పెద్ద ఆర్డరు ముందుగా పెట్టినవారికి. ఇరవై పీసుల మనిషి వరసలో ఆఖరు. సరిగ్గా అదే కాలంలో కోవిడ్ వల్ల పల్లెల్లో ప్రతి ఇంటికీ నెట్ కావాల్సి వచ్చింది. పిల్లలు సిగ్నల్ కోసం చెట్లెక్కి, గుట్టలెక్కి పాఠాలు వినడం మనందరం చూశాం. ఊళ్లో ఆపరేటరు ఉన్నాడు, బ్యాండ్‌విడ్త్ ఉంది, ఆ ఇంటి మీద పెట్టడానికి డబ్బా మాత్రం లేదు. అప్పుడు నాకు ఈ విషయం మీద పట్టుదల పెరిగింది.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. ఈ డబ్బాల్లో ఫర్మ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. లోపం బయటపడితే కంపెనీ కొత్తది ఇస్తుంది, ఆపరేటరు ఎక్కించుకోవాలి. 2016 మేలో యుబిక్విటీ రేడియోల్లోకి ఒక వైరస్ పాకింది. ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు తనంతట తాను వ్యాపించి, చాలా దేశాల్లో చిన్న ప్రొవైడర్ల నెట్‌వర్కులను కూల్చింది. దాన్ని అడ్డుకునే ఫర్మ్‌వేర్‌ను కంపెనీ 2015 జులైలోనే విడుదల చేసింది. ఎక్కించుకోనివారు దెబ్బతిన్నారు. 2018లో మైక్రోటిక్ రూటర్లకూ అలాంటిదే జరిగింది. ఏప్రిల్‌లో మందు వచ్చినా, ఆ ఏడాది చివరికి లక్షల సంఖ్యలో రూటర్లు దొంగల చేతుల్లో పడి క్రిప్టో కరెన్సీ తవ్వే పనికి వాడబడ్డాయి. ఒక్కడే టవరెక్కి, ఒక్కడే వసూళ్లు చేసి, ఒక్కడే బిల్లులు రాసే మనిషి కంపెనీ హెచ్చరికలు చదివే తీరిక ఎక్కడ తెచ్చుకుంటాడు? పదిమందిలో ఒకరికి ఆ పని అప్పజెప్పి, ముందు తన దగ్గర నాలుగు డబ్బాల మీద పరీక్షించి, బాగుందంటే మిగతావారూ ఎక్కించుకునే ఏర్పాటు ఉండాలి. మోడల్ ఒకటైతేనే అది సాధ్యం.

ఉమ్మడి కొనుగోలు వల్ల గాలిలో గొడవ కూడా తగ్గుతుంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు 2005లో లైసెన్సు అక్కర్లేదన్నారు. 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ మేర 2018 అక్టోబరులో వదిలారు. చిన్న ఆపరేటర్ల రేడియోలు నడిచేది ఎక్కువగా ఈ 5 గిగాహెర్ట్జ్‌లోనే. పవర్ పరిమితి పాటిస్తే ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరైనా వాడుకోవచ్చంటే పక్కవాడూ వాడుకోవచ్చనే. ఒకే గుట్ట మీద ముగ్గురు ఆపరేటర్ల యాంటెన్నాలుంటే, ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడికి వినపడదు. ఆ ఇంకొకడు చానల్ మారుస్తాడు, అది మూడోవాడికి తగులుతుంది. రాత్రికి రాత్రి చానళ్లు మార్చుకుంటూ ముగ్గురూ కస్టమర్ల తిట్లు తింటారు. కొన్ని రకాల బేస్ స్టేషన్లలో జీపీఎస్ సింక్ అనే సదుపాయం ఉంటుంది. ఉపగ్రహం నుంచి వచ్చే గడియారం ప్రకారం టవర్లన్నీ ఒకే క్షణంలో మాట్లాడి, ఒకే క్షణంలో వింటాయి. అప్పుడు ఒకరి మాట ఇంకొకరి చెవిలో పడదు. దీనికి అందరి పరికరాలూ ఒకే రకానివి కావాలి, సెట్టింగులూ ఒకటే కావాలి. పోటీదారులైనా సరే, గుట్ట మీద ఒప్పందం చేసుకోక తప్పదు. కొనుగోలు కోసం కలిసిన బల్ల దగ్గర అది తేలిగ్గా కుదురుతుంది.

కాగితాల బరువు కూడా పంచుకోవలసిందే. లైసెన్సు అక్కర్లేని బ్యాండులో పనిచేసే పరికరానికైనా కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ ఆమోదం ఉండాలి. 2021 జూన్ 15 నుంచి, టెలికాం లైసెన్సున్నవారు తమ నెట్‌వర్కులో కొత్తగా కలిపే పరికరాలు ప్రభుత్వం నమ్మకమైనవిగా గుర్తించిన మూలాల నుంచే రావాలి. ఏ మోడల్‌కు ఏ కాగితం ఉందో చూడడం, ప్రభుత్వ పోర్టల్‌లో వివరాలు పెట్టడం చిన్నవాడికి చిన్న పని కాదు. అందుకే కొందరు బిల్లు లేని సరుకు వైపు మొగ్గుతారు. రేటు తక్కువ, బాక్సు మీద సీరియల్ నంబరు గీకేసి ఉంటుంది. పాడైతే కంపెనీ వారంటీ ఇవ్వదు, తనిఖీ వస్తే జవాబు ఉండదు. ఉమ్మడి ఆర్డరులో ఈ కాగితాలన్నీ ఒక్కసారి, ఒక్కరు చూస్తే అందరికీ సరిపోతుంది.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. ఉమ్మడి బేరాలు చెడేది ఇక్కడే. “ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది” అని మన పెద్దలు ఊరికే అనలేదు. అందరిదీ అయిన గొర్రెను ఎవరూ మేపరు. కనుక ఉమ్మడి స్పేర్లకు ఒక కాపలాదారు ఉండాలి, అతనికి జీతమో, కనీసం పీసుకు ఇంత అని రుసుమో ఇవ్వాలి. ఉచితంగా చేస్తానన్న మనిషిని పొగిడి పని అప్పజెప్పడం మనకు అలవాటు. ఆరు నెలలు చేస్తాడు. ఏడో నెల సొంత టవరు పడిపోతే మన ఫోను ఎత్తడు. తప్పు అతనిది కాదు.

ఆర్డరు డబ్బు ఎవరి సొంత ఖాతాలోనూ పడకూడదు. ఎంత మంచి మనిషైనా సరే. సంఘం పేరున ఖాతా, ఇద్దరి సంతకాలు. డబ్బు జమ అయిన పీసులకే ఆర్డరు వెళ్లాలి. “నావి కూడా కలిపి పెట్టేయండి, సోమవారం వేస్తాను” అన్న స్నేహితుడిని కాదనడం కష్టం. కానీ ఆ సోమవారం రాకపోతే సరుకు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఆగిపోతుంది, డబ్బు కట్టిన తొమ్మిదిమంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. సరుకు వచ్చాక అందరి ఎదుట బాక్సులు విప్పి, ప్రతి డబ్బాకూ కరెంటు ఇచ్చి చూసి, సీరియల్ నంబరు పుస్తకంలో రాసి, అప్పుడు పంచుకోవాలి. చచ్చి వచ్చిన పీసు ఎవరి వాటాకు వస్తుందన్నది సరుకు రాకముందే రాసుకోవాలి. నా మాట అడిగితే, అది అందరికీ సమంగా పడాలి. వారంటీలో మారి వచ్చేదాకా ఉమ్మడి స్పేర్లలోంచి ఒకటి ఇవ్వాలి.

బిల్లులు మాత్రం ఎవరివి వారికే రావాలి. ఒకరి పేరున మొత్తం బిల్లు తీసి తర్వాత పంచుకుంటే జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ చిక్కుల్లో పడుతుంది. బేరం ఒకటి, ఆర్డరు ఒకటి, బిల్లులు మాత్రం పది జీఎస్టీ నంబర్లకు పది. ఇలా ఇవ్వడానికి పంపిణీదారు ముందే ఒప్పుకునేట్టు చూసుకోవాలి.

ఈ బల్ల దగ్గర ఎత్తకూడని మాట ఒకటుంది. “ఎలాగూ కలిశాం కదా, నెలకు ఇంతకంటే తక్కువకు ఎవరూ ఇవ్వొద్దు” అని ఎవరో ఒకరు అంటారు. అనకూడదు, అంటే ఆపాలి. కలిసి కొనడం వేరు, కలిసి కస్టమర్ మీద ధర నిర్ణయించడం వేరు. రెండోది 2002 కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ కింద నేరుగా చిక్కు తెస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, అది మన ఊరి జనానికి అన్యాయం. కొనుగోలులో మిగిలినది కొంత వాళ్ల బిల్లులోనూ తగ్గాలి.

సంఘానికి ఒక రూపం కావాలంటే మన చట్టంలోనే దారి ఉంది. 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. మాక్స్ చట్టం అంటారు. ప్రభుత్వ వాటా లేకుండా సభ్యుల డబ్బుతో, సభ్యుల నియమావళితో నడిచే సంఘాలకు అది వీలు కల్పించింది. రాష్ట్రాలు విడిపోయాక తెలంగాణలోనూ కొనసాగుతోంది. పాల సంఘాలు, పొదుపు సంఘాలు ఆ చట్టం కింద బాగా నడిచాయి. వ్యాపార సంస్థలు సభ్యులుగా చేరడంలో ఉండే మెలికలను రిజిస్ట్రేషనుకు ముందే లాయరు చేత చూపించుకోవడం మంచిది.

అందరూ ఒక్క కంపెనీకే కట్టుబడితే ఆ కంపెనీ రేటు పెంచితే ఏం చెయ్యాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కంపెనీలు చేతులు మారతాయి కూడా. మిమోసా అనే రేడియో కంపెనీని 2023లో జియో అనుబంధ సంస్థ రాడిసిస్ కొనేసింది. నిన్నటి దాకా మనకు సరుకు అమ్మినవాడు ఇవాళ మన పోటీదారు ఇంటి మనిషి అయ్యాడు. అందుకని రెండు రకాలు ఉంచుకోవాలి. పట్నం అంచున దగ్గర దగ్గర ఇళ్లకు ఒకటి, ఏరు దాటే దూరపు లింకులకు ఒకటి. మూడోది వద్దు. ఎంత చవకగా వచ్చినా వద్దు. ఆ కట్టుబాటు లేకపోతే స్పేర్ల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

మొదటి ఆర్డరే రేడియోలతో పెట్టుకోమని నేను చెప్పను. క్యాట్ 6 కేబులు, సర్జ్ ప్రొటెక్టర్లు, పీవోఈ అడాప్టర్లు, క్లాంపులు, ఎర్తింగ్ సామాను, వీటితో మొదలుపెట్టండి. సొమ్ము తక్కువ, మోడళ్ల తగాదా లేదు, పద్దు రాయడం అలవాటవుతుంది, ఎవరు చెప్పిన రోజుకు డబ్బు వేస్తారో తెలుస్తుంది. పైగా మన దగ్గర పరికరాలను ఎక్కువగా చంపేది ఎండాకాలం చివర వచ్చే ఉరుములూ పిడుగులే. నాణ్యమైన సర్జ్ ప్రొటెక్టరు, సరిగ్గా దిగిన ఎర్తింగ్ ఉంటే సగం స్పేర్లతో పని పడదు. ఆ సామాను రోహిణి కార్తెకు ముందే టవర్ల మీదికి ఎక్కాలి. అలా ఎక్కాలంటే మార్చిలో డబ్బు జమ కావాలి, నెలాఖరుకు ఆర్డరు వెళ్లాలి. మీ చుట్టుపక్కల మండలాల ఆపరేటర్లకు ఫోన్లు ఫిబ్రవరిలోనే చెయ్యండి.